చదివే చెప్పాను

ఐదేళ్ళప్పుడు అమ్మ కొంగు పట్టుకుని దేశం దాటినవాడు, ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక పెట్టె పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. తనంతట తాను రాలేదు. పంపించేశారు. అక్కడ ఉండిపోవడానికి కావలసిన కాగితాలు తల్లికీ తండ్రికీ వచ్చాయి. చెల్లెలు అక్కడే పుట్టింది కాబట్టి ఆమెకు ఆ బాధే లేదు. ఇతని కాగితాలు మాత్రం బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఉండగానే ఇతనికి వయసు దాటిపోయింది. పిల్లల లెక్కలోకి ఇక రావన్నారు. ఏడు నెలల తేడా.

ఇక్కడ మిగిలిన దగ్గరి చుట్టం మేనమామ ఒక్కడే. తల్లి ఫోనులో తమ్ముడితో, "వాడికే ఇక్కడ విసుగెత్తిందిరా. మామయ్య దగ్గరుండి పని నేర్చుకుంటానని ఒకటే గోల," అంది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది. మామయ్య నమ్మడమే కాదు, దానికి మరో నాలుగు మాటలు చేర్చి వీధంతా చెప్పుకున్నాడు. "అంత దేశం వదులుకుని నా కోసం వస్తున్నాడు మా అల్లుడు. పెద్ద చదువు. ఏ కాగితం ఇచ్చినా గడగడా చదివేస్తాడు."

మామయ్యది బట్టలు శుభ్రం చేసే దుకాణం. మందుల షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఇరుక్కుని, రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు బట్టలు తీసుకునే బల్ల, మధ్యలో ఇస్త్రీ, వెనక తొట్లు, డాబా మీద ఆరేసే తాళ్ళు. ఇస్త్రీ చేసే ఆయన్ని అందరూ బొగ్గులాయన అంటారు. బొగ్గుల పెట్టె పోయి కరెంటుది వచ్చి పదిహేనేళ్ళయినా పేరు మాత్రం పోలేదు. అతను వచ్చిన రోజే ఆయన ఎగాదిగా చూసి, "ఏమోయ్ విమానం, బాగున్నావా?" అన్నాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

మన భాష అతనికి రాకపోలేదు. వచ్చు. కాకపోతే ఐదేళ్ళ దగ్గర ఆగిపోయింది. అమ్మానాన్నలు తెల్లారి ఒకరు, పొద్దుపోయాక ఒకరు పనికి పోయే ఇంట్లో పెద్ద మాటలు నేర్పే తీరిక ఎవరికి? రెండోవారం ఒంట్లో బాగోక పక్క మందుల షాపుకు వెళ్ళి, "బొజ్జ నొప్పి, మందు కావాలి," అన్నాడు. షాపాయన సీసా తీస్తూ, "బాబుకి ఎన్నేళ్ళు?" అని అడిగాడు. ఇంకోరోజు బట్టల కోసం వచ్చిన ఒక పెద్దాయనతో, "ఇంకా ఆరలేదు, నువ్వు రేపు రా," అన్నాడు. ఆయన కర్ర పక్కన ఆనించి, "నీకూ నాకూ ఎప్పటి స్నేహంరా అబ్బాయ్?" అన్నాడు. ఆ సాయంత్రం అత్తయ్య అతన్ని కూర్చోబెట్టి, ఎవరిని 'మీరు' అనాలో, ఎవరిని 'నువ్వు' అంటే పరవాలేదో, ఎవరిని ఏమీ అనకుండా దాటేయాలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది.

ఇవన్నీ చిన్న అవమానాలు. నలుగురూ నవ్వితే తనూ నవ్వేయొచ్చు. నవ్వలేనిది ఇంకొకటుంది. అతనికి మన అక్షరాలు రావు. ఒక్కటంటే ఒక్కటి రాదు. బడిలో వేసే వయసుకు ముందే తీసుకెళ్ళిపోయారు. "మాట వస్తే చాలు, రాతతో ఏం పని?" అన్నాడు తండ్రి. అంకెలు మాత్రం ఎక్కడైనా అంకెలే కాబట్టి అవి వచ్చు.

మొదటి ఉదయమే మామయ్య చీటీల కట్ట అతని చేతిలో పెట్టాడు. "ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చి ఉంటుంది. ఏం మరక, ఏం చెయ్యాలి అని నేను రాసిస్తాను. నువ్వు చదివి లోపల పిన్నికి చెప్పాలి. చదవడం వచ్చు కదా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే బల్ల ముందున్నవాళ్ళ వైపు తిరిగి, "ఎవర్ని అడుగుతున్నాను నేను!" అని నవ్వాడు.

"వచ్చు మామయ్యా," అన్నాడు అతను.

అక్కడ నలుగురున్నారు. వాళ్ళు పోయాక చెప్దామనుకున్నాడు. వాళ్ళు పోయేసరికి మరో నలుగురు వచ్చారు.

పిన్ని అంటే అతనికి వరస కాదు, అందరికీ పిన్నే. మరకల పిన్ని. ఇరవై రెండేళ్ళుగా ఆ దుకాణంలో మరకలు తీసేది ఆమే. బక్కపలచటి మనిషి. మరకలు తీసే మందుల్లో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది నూనె కాదు, బండి కందెన," అనేది. ఎప్పుడూ తప్పేది కాదు. ఆమెకు చదువు రాదు. ఆ సంగతి ఎవరూ దాచలేదు, ఆమె అసలే దాచలేదు. "నాకు కళ్ళున్నాయి గానీ కాగితం మీద పనిచేయవు. చెవిలో వేయండి, చేసి పెడతా," అనేది.

ఆ చెవిలో వేసే పని ఇప్పుడు అతనిది.

ఎలా నెట్టుకొచ్చాడంటే, మామయ్య రాసే మాటలు మొత్తం ఇరవైకి మించవు. పిన్ని బట్ట చూసి తనంతట తనే, "నూనె మరకేగా?" అనేది. అతను చీటీ మీద ఆ మాట ఎలా ఉందో కళ్ళతో పట్టుకుని గుర్తుపెట్టుకునేవాడు. నూనెకు పక్కన కొక్కెం లాంటిదేదో ఉంటుంది. సిరా చిన్న మాట. 'మరక' అన్నిట్లోనూ ఉంటుంది. చివరి మాట ఎప్పుడూ ఒకటే, 'తీయాలి'. అర్థం కానివి వస్తే, "మామయ్యా, నీ రాత కోడి కెలికినట్టుంది, ఇదేంటి?" అని అరిచేవాడు. మామయ్య నవ్వుతూ చదివిపెట్టేవాడు. మూడు నెలలు అలా గడిచిపోయాయి. తనకు చదవడం వచ్చేసినట్టే అనుకోవడం మొదలుపెట్టాడు కూడా.

అప్పుడు వచ్చింది ఆ తెల్ల చొక్కా.

అది తెచ్చినప్పుడు అతను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాడు. తెచ్చినావిడ అరవై దాటిన మనిషి, రెండు వీధులవతల మేడ మీద వాటాలో ఉంటుంది. భర్త రైల్వేలో టిక్కెట్లు ఇచ్చే గుమాస్తాగా చేసి, కిందటేడు పోయాడు. చొక్కా బీరువాలో ఉండి ముక్కిన వాసన పట్టింది. ఉతికి ఇస్తే చాలంది. జేబు కింద సిరా మరక ఉంది, దాని జోలికి మాత్రం వెళ్ళొద్దని మామయ్యకు రెండుసార్లు చెప్పింది. మామయ్య శ్రద్ధగానే రాశాడు: 'సిరా మరక తీయొద్దు.'

మధ్యాహ్నం అతను బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళాడు. చీటీ చూశాడు. సిరా తెలుసు. మరక తెలుసు. మూడో మాట మొదలు చూశాడు, చివర చూడలేదు.

"సిరా మరక తీయాలి," అన్నాడు.

పిన్ని చొక్కా వెలుతురుకు పట్టి చూసింది. "పాతది. బాగా పాతది. తీయాలనే రాశాడా?"

"అదే పిన్నీ."

ఆ మరకతో ఆమె మధ్యాహ్నమంతా కుస్తీ పట్టింది. పులుపు పెట్టింది, స్పిరిట్ పెట్టింది, మళ్ళీ కడిగింది, బట్ట నలగకుండా దూదితో అద్దింది. సాయంత్రం అతన్ని పిలిచి చూపించింది. "ఎక్కడుందో చెప్పు చూద్దాం!" జేబు పాలలా తెల్లగా ఉంది. పిన్ని ముఖం వెలిగిపోతోంది.

రెండో రోజు ఆవిడ వచ్చింది. మామయ్య చొక్కా విప్పి బల్ల మీద పరిచాడు. ఆవిడ జేబు మీద వేళ్ళు పెట్టింది. తిప్పి లోపలివైపు చూసింది. మళ్ళీ బయటివైపు చూసింది. ఇది తనది కాదేమోనన్నట్టు కాలరు చూసింది. తనదే.

"ముప్పై ఏళ్ళు తిట్టానండీ," అంది. గొంతు పెంచలేదు. "పెన్నుకు మూత పెట్టుకోండీ అని ముప్పై ఏళ్ళు తిట్టాను. ఆయన ఆఖరుసారి డ్యూటీకి వేసుకెళ్ళిన చొక్కా ఇది."

మామయ్య చీటీ తీసి చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అందరినీ ముందుకు పిలిచాడు. పిన్ని తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొగ్గులాయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చాడు.

"ఇందులో తీయొద్దని రాశాను. ఎందుకు తీశావు పిన్నీ?"

"తీయాలనే కదా చెప్పారు?" అని పిన్ని అతని వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. నువ్వు చెప్పు బాబూ అన్నట్టుంది, అంతే.

మామయ్య కూడా అతని వైపు తిరిగాడు. "నువ్వు చదివి చెప్పావా?"

వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ క్షణం ఎంతో పొడుగ్గా అనిపించేది అతనికి. అప్పుడు మాత్రం రెప్పపాటే.

"చదివే చెప్పాను మామయ్యా. తీయొద్దనే చెప్పాను."

ఎవరూ అనుమానపడలేదు. ఎందుకు పడతారు? ఒకపక్క పెద్ద చదువు, ఇంకోపక్క అక్షరం ముక్క రాని మనిషి. ఆవిడ పిన్నిని ఒక చూపు చూసింది. "మరక కనిపిస్తే చెయ్యి ఆగదు కాబోలు మీకు," అని చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పిన్ని గొడవ చేసి ఉంటే బాగుండేది. 'నువ్వు అబద్ధం చెప్తున్నావు' అని నలుగురిలో నిలదీసి ఉంటే అతను అక్కడే కూలిపోయి ఒప్పేసుకునేవాడేమో. ఆమె అలా చేయలేదు. "చెవులు పోతున్నాయేమో నాకు. తీయాలనే వినిపించింది," అంది.

ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. అక్కడి నుంచి మొదలైంది అసలు శిక్ష.

మర్నాటి నుంచి పిన్ని ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంది. బొగ్గులాయన జోకు వేస్తే, "ఏంటి?" అని దగ్గరికొచ్చి వినేది. రెండోసారి చెప్తే ఏ జోకుకైనా ప్రాణం పోతుంది. ఇంట్లో కోడలికి గట్టిగా మాట్లాడమని చెప్పిందట. ఆ పిల్ల మొదట మొహమాటపడి, తర్వాత అలవాటైపోయి అరవడం మొదలుపెట్టింది. పిన్ని ఒకరోజు తొట్టి దగ్గర కూర్చుని ఒక చెవి మూసి, నీళ్ళ చప్పుడు విని, రెండో చెవి మూసి మళ్ళీ వింటోంది. అతను గుమ్మంలో నిలబడి చూశాడు. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు. అన్నం సయించలేదు. అత్తయ్య, "ఊరు పడలేదేమో పిల్లాడికి," అంది.

పదో రోజున పిన్ని మామయ్య దగ్గరికొచ్చి, "చెవులు పోయాక ఈ పని చేయకూడదు నాయనా. ఇంకెవరి బట్టైనా పాడుచేస్తాను. మనిషిని చూసుకో," అంది.

మామయ్య రాస్తున్న చీటీ పక్కన పెట్టాడు. "ముందు ఆసుపత్రిలో చూపించుకో. వీణ్ణి తోడు తీసుకెళ్ళు. అక్కడ కాగితాలవీ ఉంటాయి, చదువుకున్నవాడు పక్కనుంటే మంచిది," అన్నాడు.

పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం. కిటికీలోని మనిషి ఒక కాగితం తోసి, "నింపి తీసుకురండి," అన్నాడు. ఇద్దరూ గోడవారన బల్ల మీద కూర్చున్నారు. పిన్ని అతని వైపు జరిగింది.

"చదువు బాబూ. ఏం అడుగుతున్నాడో చెప్పు. కొంచెం గట్టిగా చదువు, నాకు అసలే..."

అతను కాగితం చూశాడు. అది అచ్చు కాగితం. మామయ్య రాత కాదు. ఇరవై మాటల్లో ఒక్కటి కూడా అందులో కనిపించలేదు. కళ్ళద్దాలు మర్చిపోయానని చెప్దామా అనిపించింది. కళ్ళద్దాలు అతనికి ఎప్పుడూ లేవు. పక్కన పిన్ని చెవి అతని వైపు పెట్టి, తల వంచి, ఓపిగ్గా కూర్చుని ఉంది.

"పిన్నీ, నాకు చదవడం రాదు."

"ఏంటి?" అంది అలవాటుగా.

"చదవడం రాదు. మన అక్షరాలు రావు. ఆ రోజు నేను తీయాలనే చెప్పాను. నువ్వు సరిగ్గానే విన్నావు. నీ చెవులకేం కాలేదు."

ఎదురుగా ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఎవరో లేచి వెళ్ళారు.

"పదకొండు రోజులు," అంది పిన్ని చివరికి. "పదకొండు రోజులుగా మా కోడలు నా మీద అరుస్తోంది. అరవమని నేనే చెప్పాను."

"సిగ్గేసింది పిన్నీ. అందరి ముందూ..."

"నీకు సిగ్గేస్తే నా చెవులు కోసుకోవాలా?"

అతను తల ఎత్తలేదు.

"నాకూ చదువు రాదు. అది వీధంతటికీ తెలుసు. నేనెప్పుడైనా దాచానా? దాచి ఉంటే ఇరవై రెండేళ్ళలో ఎన్ని బట్టలు తగలేసేదాన్ని? అంత తెలిసి కూడా, ఆ రోజు నీ మాటకీ నా చెవికీ తేడా వస్తే, నా చెవినే కాదనుకున్నాను. ఎందుకు? నువ్వు చదువుకున్నవాడివని."

ఇక వెళ్దామా అన్నట్టు అతను లేవబోయాడు. "కూర్చో. వచ్చాం కదా, చూపించుకునే పోదాం. నాకు కాగితం కావాలి," అని, అవతల చెవికి కట్టుతో కూర్చున్న ఒకాయన్ని బతిమాలి ఫారం రాయించుకుంది. లోపల పరీక్ష చేసినమ్మాయి బయటికొచ్చి, "ఈ వయసులో ఇంత మంచి చెవులు నేను చూడలేదమ్మా," అంది. పిన్ని ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. బస్సులో ఆడవాళ్ళ సీటు ఖాళీ అయితే వెళ్ళి అక్కడ కూర్చుంది. అతని వైపు చూడలేదు. దిగాక మాత్రం, "మీ మామయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్తావు," అంది.

చెప్పాడు. ఆ మధ్యాహ్నం తొట్ల దగ్గర, పిన్ని వింటూ ఉండగా చెప్పాడు. మామయ్య మొదట చేసిన పని ఏంటంటే, వీధివైపు తొంగి చూసి, "మెల్లిగా, మెల్లిగా," అనడం. తర్వాత, "నేను ఊరంతా చెప్పుకున్నాను కదరా! ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. ఇంకాసేపటికి, "సరే, అయిందేదో అయింది. పిన్ని ఉండిపోతుంది. ఈ మాట మన ముగ్గుర్లోనే ఉండనీ," అన్నాడు.

"ఎలా ఉంటుంది?" అంది పిన్ని. "ఆవిడ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆవిడకి తెలియాలి."

ఒకటి బయటికొచ్చాక రెండోది ఆగలేదు. "మామయ్యా, అక్కణ్ణుంచి నేను రాలేదు. పంపించేశారు," అన్నాడు అతను. మామయ్య ఉతకని దుప్పట్ల మూట మీద కూలబడ్డాడు. అరవలేదు. "మా అక్క నాకు కూడా చెప్పలేదా?" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. అతనికి అన్నిటికన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది.

సాయంత్రం అతను ఒక్కడే చొక్కా ఆవిడ ఉండే మేడ మెట్లెక్కాడు. ఆవిడ తలుపు సగం తెరిచింది. తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, వచ్చిన మాటల్లో చెప్పాడు. తనకు చదవడం రాదని, తప్పు చదివానని, తప్పు పిన్ని మీద తోశానని.

"చదువు రాదని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

"అబద్ధం చెప్పానని చెప్పడానికి వచ్చానండీ."

"అయితే ఆమె తప్పు లేదన్నమాట."

"లేదండీ."

"ఆమెను మాట అన్నాను. నేనలా అనకుండా ఉండాల్సిందని ఆమెతో చెప్పు." చొక్కా గురించి ఏదైనా అంటుందేమోనని అతను ఎదురుచూశాడు. తిట్టినా బాగుండు. "ఇక వెళ్ళు నాయనా," అని చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఆవిడ ఆ దుకాణానికి ఎప్పుడూ రాలేదు.

సంగతి వీధికి పాకడానికి రెండు రోజులు పట్టింది. నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. బొగ్గులాయన మూడు వారాలు అతనితో ఒక్క జోకు కూడా వేయలేదు. అతని ముందు మాటలు తూచి మాట్లాడేవాడు. అది మరీ కష్టంగా ఉండేది. తల్లికి ఫోను చేసి చెప్పాడు. "తప్పు నాదేరా. నీకు నేర్పాల్సింది. రోజూ రేపు అనుకున్నాను," అంది.

చీటీలు చదివే పని మళ్ళీ మామయ్యే తీసుకున్నాడు. అతన్ని తొట్ల దగ్గర వేశారు. సాయంత్రాలు దగ్గర్లోని చిన్న పిల్లల బడిలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే తరగతి ఉంటే వెళ్ళాడు. బల్లలు పొట్టివి, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అక్కడ అందరికన్నా చిన్నవాడు అతనే. పక్కన కూర్చునే తాపీమేస్త్రి అతనికన్నా ముందే ఒత్తులు నేర్చేసుకున్నాడు. మొదటి నెలలో రెండుసార్లు గేటు దాకా వెళ్ళి, లోపలికి పోలేక తిరిగొచ్చేశాడు. మూడోసారి వెళ్ళాడు.

ఎనిమిది నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. మామయ్య అడగలేదు. ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, పిన్నే ఒక దుప్పటి మీది చీటీ విప్పి అతని ముందు పెట్టింది. అంతకు ముందు పని మాటలు తప్ప ఆమె అతనితో మాట్లాడింది లేదు.

"చదువు."

అతను చేతులు తుడుచుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. "తు... తుప్పు మరక. అంచు దగ్గర. గట్టిగా రుద్దొద్దు."

"రెండోసారి చదువు."

మళ్ళీ చదివాడు. ఆమె చీటీ తీసుకుని దుప్పటికి గుచ్చి, తుప్పు మందు సీసా మూత తీసింది.

ఇప్పుడు చీటీలు మళ్ళీ అతనే చదువుతున్నాడు, తడబడకుండానే. పిన్ని మాత్రం ఇప్పటికీ ప్రతి చీటీ రెండుసార్లు చదివిస్తుంది. ఎందుకని అతను అడగలేదు. ఆమె అడగకముందే తనే రెండోసారి చదవడం మొదలుపెడతాడు.